కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ: భద్రతా సమాచారాన్ని పనుల వారీగా పెట్టండి

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నిర్మాణ కార్మికుల భద్రత, ఆరోగ్యం గురించి ఆన్‌లైన్‌లో సమాచారానికి కొరత లేదు. ఉన్న సమాచారం పని జరిగే చోట అక్కరకు రావడం లేదన్నదే మా ఫిర్యాదు. ప్రభుత్వ సైట్లు తెరిస్తే సాధారణంగా ముందు చట్టం, తర్వాత నియమాలు, సర్క్యులర్లు, ఎక్కడో అడుగున స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు కనిపిస్తాయి. స్కాన్ కాపీలో అక్షరాలు కూడా బొమ్మలే కాబట్టి వెతికితే దొరకవు, ఫోన్ చదివి వినిపించలేదు. చిన్న తెర మీద పేజీని అటూ ఇటూ జరుపుకుంటూ చదివే ఓపిక పనిలో ఉన్నవాడికి ఎక్కడుంటుంది? గొయ్యిలోకి దిగబోయే మనిషికి కావలసింది ఒక్క ముక్క: ఇంత లోతుకు పక్కలకు ఊత పెట్టాలా, అక్కర్లేదా?

కాబట్టి మా మొదటి విన్నపం, సమాచారాన్ని చట్టాల వారీగా కాక పనుల వారీగా పేర్చమని. ఇది కొత్త సంగతేమీ కాదు. అమెరికాలో 2000లో మొదలైన ఈఎల్‌కాష్ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో వృత్తిని బట్టి, ప్రమాదాన్ని బట్టి, పని జరిగే చోటు రకాన్ని బట్టి వెతుక్కోవచ్చు. అక్కడి భద్రతా సంస్థ ఓషా 2016లో సిలికా ధూళి (రాయి, కాంక్రీటు కోస్తే లేచే సన్నటి ధూళి) మీద తెచ్చిన నియమంలో 18 పనులతో ఒక పట్టిక ఉంది. ఏ మెషిన్ వాడుతున్నారు, ధూళిని ఎలా అణచాలి, నాలుగు గంటల లోపు పనికి ఏ మాస్కు, దాటితే ఏ మాస్కు అన్నది ఒకే వరుసలో ఉంటుంది. ఆ వరుసలో ఉన్నది ఉన్నట్టు పాటించిన యజమాని గాలిలో ధూళిని విడిగా కొలిపించనక్కర్లేదు. మేస్త్రీకీ ఇన్‌స్పెక్టర్‌కీ ఒకే వరుస సరిపోతుంది. పేజీ అంటే అలా ఉండాలి.

తవ్వకం పేజీలో ఏముండాలో చూద్దాం. మొదటి తెర మీదే లోతు హద్దు కనబడాలి. ఓషా లెక్కలో 5 అడుగులు, అంటే సుమారు 1.5 మీటర్లు దాటితే పక్కలను వాలుగా కోయాలి, లేదా షోరింగ్, అంటే పక్కలకు ఊత పెట్టాలి, లేదా మనిషి లోపల నిలబడి పనిచేసే రక్షణ పెట్టె, ట్రెంచ్ బాక్స్ దించాలి. మన నియమంలో హద్దు వేరుగా ఉంటే అదే వేయండి, కానీ అంకె మాత్రం తప్పకుండా వేయండి. తవ్విన మట్టిని అంచుకు కనీసం 60 సెంటీమీటర్ల దూరంలో పోయాలి. 1.2 మీటర్ల లోతు నుంచి నిచ్చెన ఉండాలి, గొయ్యిలో ఏ మూల ఉన్నవాడికైనా అది ఏడున్నర మీటర్ల లోపు అందాలి. రోజూ పని మొదలయ్యే ముందు, వాన పడ్డ ప్రతిసారీ అంచు వెంట పగుళ్లు చూడాలి. ఆ తర్వాత కారణం చెప్పాలి: ఘనమీటరు మట్టి టన్నున్నర పైనే తూగుతుంది, ఛాతీ దాకా కూరుకుపోతే తల బయటే ఉన్నా ఊపిరి ఆడదు. హద్దుకు లోపలి లోతులోనూ నమ్మకం లేదని కూడా చెప్పాలి. మీటరు లోతులో వంగి పైపు జాయింట్ వేస్తున్న మనిషి తల అంచుకన్నా కిందే ఉంటుంది. చివరగా, కూరుకుపోయినవాణ్ణి జేసీబీ బకెట్‌తో లాగే ప్రయత్నం చేయకూడదని, పక్కలకు ఊత లేకుండా మరొకరు దిగకూడదని. ఇదంతా ఒక తెర, మహా అయితే రెండు. దీనికి నలభై పేజీల మాన్యువల్ దేనికో మాకు అర్థం కాదు.

ఎత్తు మీద పని విషయంలో అంకెలు లేని సమాచారం మరీ ప్రమాదకరం. 'సేఫ్టీ బెల్ట్ తప్పనిసరి' అన్న పోస్టర్ ప్రతి సైటులోనూ ఉంటుంది. హుక్ ఎక్కడ తగిలించాలో మాత్రం అందులో ఉండదు. లెక్క వేయండి. ఒంటికి కట్టే బెల్టును, అంటే హార్నెస్‌ను, హుక్‌తో కలిపే తాడు (లాన్‌యార్డ్) పొడవు 1.8 మీటర్లు, పడినప్పుడు కుదుపు తగ్గించే షాక్ అబ్జార్బర్ సాగేది మరో 1.1, వీపు మీది రింగు నుంచి పాదాల దాకా సుమారు 1.5, పైన ఓ 90 సెంటీమీటర్లు జాగ్రత్తకు. మొత్తం 5.3 మీటర్లు. హుక్ తగిలించిన చోటు నుంచి కిందికి అంత ఖాళీ ఉండాలి. 3 మీటర్ల ఎత్తు స్లాబు అంచున నిలబడి, వీపు ఎత్తులో హుక్ వేసుకున్న వాడికి కింద నేల దాకా ఉన్నది 4.5 మీటర్లే. హార్నెస్ వేసుకున్నాడు, నియమం పాటించాడు, అయినా నేలకు తగులుతాడు. పాదాల దగ్గర హుక్ వేస్తే ఇంకా అన్యాయం. అలాంటి చోట అంచుకు రెయిలింగ్ పెట్టడమో, అంచుదాకా వెళ్లనివ్వని పొట్టి తాడు కట్టడమో చేయాలి. వెబ్‌సైటులో ఈ లెక్కకు ఒక చిన్న కాలిక్యులేటర్ పెట్టండి, మూడు అంకెలు వేస్తే సరిపోతుందో లేదో చెప్పేలా. పడ్డవాణ్ణి దించే ఏర్పాటు కూడా అదే పేజీలో ఉండాలి. హార్నెస్‌లో కదలకుండా వేలాడితే నిమిషాల్లోనే ప్రాణం మీదికి రావచ్చు.

నిచ్చెనకైతే ఫోనే పనిముట్టు. నాలుగు మీటర్ల ఎత్తుకు గోడ నుంచి ఒక మీటరు ఎడం, అంటే దాదాపు 75 డిగ్రీలు. అమెరికాలో కార్మికుల భద్రత, ఆరోగ్యం మీద పరిశోధన చేసే నియోష్ సంస్థ ఉచితంగా ఇచ్చిన యాప్‌లో ఫోన్‌ను నిచ్చెనకు ఆనించి పెడితే వాలు సరిగా ఉందో లేదో శబ్దంతో చెబుతుంది.

ఆరోగ్యం సంగతి ఇంకో రకం. ప్రమాదం కంటికి కనబడుతుంది, జబ్బు కనబడదు. టైల్స్, రాయి, కాంక్రీటు కోసేటప్పుడు కంటికి కనిపించే దుమ్ము ముక్కులో ఆగిపోతుంది. ఊపిరితిత్తుల అడుగుకు చేరేది కనిపించనంత సన్నటి ధూళి. ఈ ధూళితో ఊపిరితిత్తులు పాడయ్యే జబ్బు, సిలికోసిస్‌కు నయం చేసే మందు లేదు. అందుకే పేజీలో మొదట నీళ్లు, తర్వాత మాస్కు రావాలి. కట్-ఆఫ్ మెషిన్ బ్లేడు మీద నిమిషానికి అరలీటరు నీళ్లు పడాలని బ్రిటన్ భద్రతా సంస్థ చెబుతుంది. బాటిల్ మూతకు కన్నం పెట్టి అప్పుడప్పుడు చిలకరిస్తే చాలదని బొమ్మతో చూపించండి. ముక్కుకు కట్టిన తుండుగుడ్డ, సర్జికల్ మాస్కు ఈ ధూళిని ఆపవు. ఎన్95 ఆపుతుంది, గడ్డం ఉంటే దాని అంచుల్లోంచి కూడా ధూళి దూరుతుంది.

తడి సిమెంటు పీహెచ్ 12 దాటుతుంది, అంటే చర్మాన్ని కాల్చే ఘాటైన క్షారం. మొదట మంట తెలియదు, గంటలు గడిచాక చర్మం ఊడి వస్తుంది. సిమెంటు దిగిన బూటు వెంటనే విప్పి, పారే నీళ్ల కింద 20 నిమిషాలు కడగాలి. ఎండ గురించి 'తగినన్ని నీళ్లు తాగండి' అని రాయకండి. ప్రతి 15, 20 నిమిషాలకూ ఓ గ్లాసు, అంటే పావులీటరు. కొత్తగా ఎండ పనికి వచ్చినవాడికి మొదటి రోజు అయిదోవంతు పని, ఆపైన రోజుకు అయిదోవంతు చొప్పున పెంపు. ఎండదెబ్బ చావుల్లో ఎక్కువ మొదటి కొద్ది రోజుల్లోనే జరుగుతాయి. ఈ ఒక్క నియమం మేస్త్రీలకు చేరినా చాలామంది బతుకుతారు.

ఇక పేజీలు తయారు చేసే తీరు గురించి. పేజీ బరువు 300 కేబీ మించకూడదు. లాగిన్, ఓటీపీ వద్దు. ఒకసారి తెరిచాక నెట్ లేకున్నా ఉండాలి, ఎందుకంటే సెల్లార్‌లో సిగ్నల్ అందదు. ప్రతి పేజీకీ వినిపించే బొత్తాం ఉండాలి. వీడియో నిమిషంన్నర దాటకూడదు, మిక్సర్ మోతలో మాట వినబడదు కాబట్టి మాటలు తెర మీద కూడా రావాలి. క్యూఆర్ కోడ్‌ను ఆఫీసు గోడకు కాక గ్రైండర్ పెట్టెకు, కెమికల్ డబ్బాకు, పరంజా ఎక్కే చోట అంటించాలి. ఆ కోడ్ తీసుకెళ్లే చిరునామా పదేళ్లయినా మారకూడదు. వెబ్‌సైటుకు కొత్త రంగులద్దిన ప్రతిసారీ పాత లింకులన్నీ చచ్చిపోవడం శాఖల్లో మామూలే. ఆ అలవాటు ఇక్కడ మాత్రం వద్దు.

రసాయనాలకు 16 భాగాల సేఫ్టీ డేటా షీట్ ఉంటుంది. అందులో నాలుగోది ప్రథమ చికిత్స, ఎనిమిదోది గ్లౌజులు, మాస్కుల వివరం. ఈ రెండింటినీ ముందుకు తెచ్చి చూపిస్తే మిగతా పద్నాలుగూ వెనక ఉన్నా ఫర్వాలేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి తయారు చేసిన రసాయన భద్రతా కార్డులు 1,700కు పైగా ఉచితంగా ఉన్నాయి, వాటితో మొదలుపెట్టవచ్చు. చాట్‌బాట్ పెట్టాలన్న ఉత్సాహం ఎలాగూ వస్తుంది. పెట్టండి, కానీ సరిచూసిన పేజీల్లోంచి మాత్రమే జవాబు తీయాలి, లేనిదాన్ని 'లేదు' అనాలి. షోరింగ్ లోతును ఊహించి చెప్పే యంత్రం కంటే మౌనంగా ఉండేదే నయం.

ఫోన్ గురించి ఒక జాగ్రత్త. పరంజా మీద నిలబడి ఫోన్ చూడటమే ఒక ప్రమాదం. ఈ పేజీలు పని మొదలయ్యే ముందు అయిదు నిమిషాల మాటామంతీకి. అందుకే ప్రతి పేజీకీ ఒక ఏ4 కాగితం మీద ప్రింటయ్యే రూపం కూడా ఉండాలి.

ప్రతి పేజీ కింద సరిచూసిన తేదీ, సరిచూసినవారి హోదా, తప్పు తెలపడానికి ఒక బొత్తాం ఉండాలి. అది నొక్కినవారి పేరు, నంబరు అడగకూడదు. పంపిన ఫొటోలోంచి తీసిన చోటు వివరాలు తుడిచేయాలి, లేకపోతే మర్నాడు పని పోయేది పంపినవాడికే. దీన్ని నడపడానికి పెద్ద యంత్రాంగం అక్కర్లేదు: ఒక భద్రతా ఇంజినీరు, ఒక వృత్తి ఆరోగ్య వైద్యుడు, పని తెలిసిన ఇద్దరు మేస్త్రీలు, బొమ్మలు వేసే ఒకరు. మేస్త్రీలకు జీతం ఇవ్వండి, సలహా సంఘంలో కుర్చీతో సరిపెట్టకండి.

హిట్ల సంఖ్యతో విజయాన్ని లెక్కించవద్దు. సైటులో పనిచేసే ఇరవై మంది చేతికి మామూలు ఫోన్ ఇచ్చి, 'రెండు మీటర్ల గొయ్యికి ఏం కావాలి?' అని అడగండి. నిమిషంలో పద్దెనిమిది మంది సరైన జవాబు చూపించగలిగితేనే ఆవిష్కరణ సభ పెట్టండి. తవ్వకం, ఎత్తు పని, రాయి కోత, విద్యుత్తు, ఎండ, ఈ అయిదు పేజీలతో మొదలుపెట్టి మూడు నెలల్లో ఈ పరీక్షకు నిలబెట్టమని మా విన్నపం. ముసాయిదాలు సరిచూసే పనికి మేం సిద్ధం.

ఇట్లు,
నిర్మాణ రంగ భద్రతా ఇంజినీర్లు, వృత్తి ఆరోగ్య వైద్యులు