కలెక్టర్ గారూ, కుక్కను చూసి ఉరకొద్దని మా పిల్లలకు ఎవరు నేర్పాలి?

గౌరవనీయులైన నల్గొండ జిల్లా కలెక్టర్ గారికి నమస్కారాలు.

నేను దేవరకొండ వైపు ఒక ఊళ్లో ప్రాథమిక పాఠశాల టీచర్‌ని. మా బడికి రెండు తండాల నుంచి పిల్లలు నడిచి వస్తారు. దారిలో చికెన్ దుకాణం, దాని వెనక చెత్తకుప్ప, అక్కడ ఎప్పుడూ ఆరేడు కుక్కలు. ఇంట్లో చెప్పి పంపేది ఒకటే మాట: "కుక్క వస్తే ఉరుకు." లేదంటే "రాయి తీసి కొట్టు." రెండూ ప్రమాదమే సార్. ఉరికేదాన్ని తరమడం కుక్క స్వభావం. ఐదేళ్ల పిల్ల దానికంటే వేగంగా ఉరకగలదా?

నిరుడు మా రెండో తరగతి బాబు రెండు రోజులు కుంటుతూ వచ్చాడు. అడిగితే పడ్డానన్నాడు. ప్యాంటు పైకి మడిచి చూస్తే పిక్క మీద పంటి గాట్లు, వాటి మీద పసుపు, సున్నం. అమ్మ కొడుతుందని, బొడ్డు చుట్టూ సూదులు వేస్తారని భయపడి నానమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. దగ్గరి ఆసుపత్రిలో మందు అయిపోయిందన్నారు. బస్సెక్కి ఇంకో ఊరు తీసుకెళ్లాం. ఆ బస్సులో నేను పడ్డ టెన్షన్ మాటల్లో చెప్పలేను. రేబిస్ లక్షణాలు బయటపడితే మనిషి బతకడం దాదాపు అసాధ్యం. బాబు ఇప్పుడు బాగున్నాడు.

కరిచిన వెంటనే ధారగా పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇప్పుడు సూదులు బొడ్డు చుట్టూ కాదు, చేతికే వేస్తారని కూడా తెలియదు. వాళ్లకు ఎవరైనా చెబితే కదా!

2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల ఆవరణల నుంచి వీధికుక్కలను తరలించమంది. కుక్కల దగ్గర ఎలా మెలగాలో, కరిస్తే ఏం చేయాలో బడుల్లో పిల్లలకు చెప్పాలని కూడా ఆ ఆదేశాల్లోనే ఉంది. మొదటిదాని మీద బోలెడంత చర్చ జరిగింది. రెండోదాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. బడి గేటు లోపల కుక్కలు లేకపోయినా, తండా నుంచి వచ్చే దారిలో ఉంటాయి కదా సార్.

ఇది పుస్తకంలో చదివించే పాఠం కాదు, ఆవరణలో ఆడించాలి. మన పిల్లలకు "స్టాచ్యూ" ఆట తెలుసు. కుక్క దగ్గరికొస్తే అదే చేయాలి: కదలకుండా నిలబడి, చేతులు ఒంటికి ఆనించి, దాని కళ్లలోకి కాకుండా నేలకేసి చూడాలి. అది వాసన చూసి పోయాక మెల్లగా నడవాలి. కింద పడేస్తే ముడుచుకుపోయి, చేతులతో మెడ, చెవులు కప్పుకోవాలి. తినే కుక్కను, పడుకున్న కుక్కను, పిల్లలున్న తల్లికుక్కను ముట్టుకోకూడదు. తోక ఊపే ప్రతి కుక్కా ప్రేమగా ఊపదు. "మొరిగే కుక్క కరవదు" అన్న సామెతను మాత్రం పసివాళ్లకు దయచేసి నేర్పొద్దు. మొరిగే కుక్క కూడా కరుస్తుంది.

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో కుక్కల గుంపు దాడిలో నాలుగేళ్ల బాబు చనిపోయాడు. అంత చిన్నవాడికి ఏ పాఠమూ చాలదు, పక్కన పెద్దవాళ్లు ఉండాల్సిందే. అంగన్వాడీ పిల్లల్ని ఒంటరిగా పంపొద్దని తల్లులకు కూడా చెప్పాలి.

సార్, జూన్‌లో బడులు తెరిచిన నాటి నుంచి జిల్లాలోని ప్రతి అంగన్వాడీలో, ప్రాథమిక బడిలో వారానికి పదిహేను నిమిషాలు దీనికి కేటాయించమని ఆదేశించండి. మొదటిసారి పశువైద్య సిబ్బందిని, ఏఎన్ఎంను పంపండి. కుక్కకాటు మందు ఏ ఆసుపత్రిలో ఉందో ప్రతి బడి గోడ మీద రాయించండి. అక్కడ అది అయిపోకుండా చూడండి. కరిచిందని చెప్పిన పిల్లల్ని తిట్టొద్దు, కొట్టొద్దు అని గ్రామసభల్లో మీ నోటితో ఒక్కసారి చెప్పండి. మీరు చెబితే వింటారు.

మా బడిలో ఈ సోమవారమే మొదలుపెడుతున్నాం. వీలైతే ఒక పొద్దున ప్రార్థన వేళకు రండి. పిల్లలు చేసి చూపిస్తారు.

ఇట్లు,
దేవరకొండ ప్రాంతంలోని ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు