పొయ్యి పోటీల్లో పప్పు కూడా ఉడికించండి

సంపాదకులకు,

పోటీ కోసం ఊకతో మండే పొయ్యి తయారుచేసిన ఇంజినీరింగ్ విద్యార్థుల గురించి మీ జిల్లా పేజీలో చదివాను. ఫొటోలో నీలి మంట చూస్తే ముచ్చటేసింది. నాది మిర్యాలగూడలో వెల్డింగ్ షాపు. మిల్లుల ఊరు కాబట్టి టీ కొట్లకు, టిఫిన్ బండ్లకు ఊక పొయ్యిలు చేసిస్తుంటాను. అందుకే ఈ నాలుగు ముక్కలు.

వాళ్లు చేసినట్టు కింద ఫ్యాన్ పెట్టి పైనుంచి అంటించే పొయ్యిలో పొగ తక్కువన్నది నిజమే. ఊకలోంచి వచ్చే గ్యాసే పైకొచ్చి మండుతుంది. కానీ డబ్బాలో పోసిన ఊక అయిపోయిందంటే మంట ఆరినట్టే. గిన్నె దించి, నిప్పులా ఉన్న నల్లబూడిద గుమ్మరించి, మళ్లీ ఊక పోసి, మళ్లీ అంటించాలి. పోటీలో నీళ్లు కాచి చూపించేటప్పుడు ఈ సంగతి తెలియదు. కందిపప్పు సగం ఉడికినప్పుడు తెలుస్తుంది. పైగా కరెంటు పోతే ఫ్యానూ ఆగుతుంది.

రంపపు పొట్టయితే మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ కూరి, సీసా లాగేసినా ఆ బొక్క అలాగే నిలుస్తుంది. ఊక నిలవదు, జారిపోతుంది. ఆ జారే గుణాన్నే వాడుకోవాలి. మేం చిల్లుల రేకును గరాటులా చుట్టి బిగిస్తాం. పైన పోస్తుంటే ఊక కాలుతూ కిందికి దిగుతుంది. చువ్వతో రేకు మీద రెండు దెబ్బలు వేస్తే బూడిద రాలుతుంది. వంట ఆపనక్కర్లేదు. ఊకలో ఇసుకలాంటి, కాలని సిలికా ఎక్కువ, బరువులో దాదాపు ఐదో వంతు బూడిదే మిగులుతుంది. అది రాలే దారి లేకపోతే గాలి ఆడదు, ఇక పొగే పొగ. మా పొయ్యికీ లోపాలున్నాయి. తట్టినప్పుడల్లా గుప్పుమని పొగ లేస్తుంది. రేకు కాలీ కాలీ పొరలుగా ఊడిపోతుంది. ఆ రెండూ సరిచేయడానికే చదువుకున్నవాళ్ల బుర్ర కావాలి.

పాడైన రేకు ఒక్కటే మార్చుకునే వీలుండటం మరీ ముఖ్యం. 1980ల్లో కేంద్ర పథకం కింద పొగరాని పొయ్యిలని మా పల్లెల్లోనూ కట్టారు. పొగ గొట్టం మసితో మూసుకుపోతే పట్టించుకునే నాథుడు లేక, చాలామంది వాటిని పగలగొట్టి మళ్లీ మూడు రాళ్లే పెట్టుకున్నారు. 2002లో కేంద్రం ఆ పథకాన్నే ఆపేసింది.

ఇంకో మాట. ఊకకు ఇప్పుడు రేటుంది, మిల్లు బాయిలర్లకూ ఇటుక బట్టీలకూ పోతోంది. పల్లెలో ఊరికే దొరికేది పత్తి కట్టె. ఏరడం అయిపోయాక చేలోనే తగలబెడుతున్నారు. దానికి తగ్గ పొయ్యి చేస్తే గిరాకీ ఉంటుంది. అయితే కట్టెను జానెడు ముక్కలుగా నరికి పెట్టుకోమంటే పొద్దున్నే వంట చేసేవాళ్లకు అంత తీరిక ఎక్కడిది? పొడుగు కట్టెనే పక్కనుంచి తోసేలా ఉండాలి.

ఆ విద్యార్థులు మా షాపుకొస్తే చిల్లుల రేకు, వెల్డింగ్ రాడ్లు నేనిస్తాను. మధ్యాహ్నం పూటయితే పని కాస్త తక్కువగా ఉంటుంది.

– ఒక వెల్డింగ్ షాపు యజమాని, మిర్యాలగూడ