గచ్చిబౌలి స్టాండ్ ఫండ్ జమా ఖర్చులు: ఖాతా మూసేస్తున్నాం

మన ఫుట్‌బాల్ క్లబ్ హైదరాబాద్ ఎఫ్‌సీ 2025 అక్టోబర్‌లో ఢిల్లీకి వెళ్లిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది కాబట్టి గచ్చిబౌలి స్టేడియంలో జట్టుకి మద్దతుగా అభిమానులం పెట్టుకున్న ఈ ఫండ్‌కి ఇక పని లేదు. డబ్బులిచ్చిన వాళ్లందరికీ లెక్క చెప్పడం మా బాధ్యత.

మొత్తం జమ రూ. 3,30,250. ఖర్చు రూ. 2,80,850. నిల్వ రూ. 49,400.

పెద్ద పద్దు 2022 మార్చి 20 ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్‌కి గోవా బస్సు. మనిషికి 3,500 చొప్పున 42 మంది ఇచ్చింది 1,47,000. బస్సు అద్దె, పర్మిట్, టోల్, డ్రైవర్ బత్తా కలిపి 1,18,500, తిండికీ టికెట్లకీ 34,200 అయ్యాయి, అంటే 5,700 ఎక్కువైంది, అది తర్వాత ఫండ్‌లో సర్దాం. దీని మీద ఎవరూ గొడవపడరనుకుంటున్నాం, ఎందుకంటే ఫటోర్డా స్టేడియం నిండా ప్రత్యర్థి కేరళ బ్లాస్టర్స్ వాళ్లే ఉన్నా 88వ నిమిషంలో మన తవోరా గోల్ కొట్టాడు, పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, 2019–20లో అట్టడుగున ఉన్న జట్టు కప్పు ఎత్తింది!

ఆ ఊపులో 2022–23కి అడక్కుండానే 68,400 వచ్చాయి. స్కార్ఫులు, టీషర్టుల అమ్మకం 91,250, వాటి ప్రింటింగ్‌కి 72,000. జెండాలు, డప్పులు 46,800. ఆ ఏడాది లీగ్‌లో రెండో స్థానం.

2023–24లో చందా అడగలేదు, అడిగే మొహం కూడా లేదు. కోచ్ మనోలో గోవా జట్టుకి వెళ్లాడు, జీతాల బకాయిల గొడవ ఫిఫా దాకా పోయి కొత్త ఆటగాళ్లని రిజిస్టర్ చేయకుండా నిషేధం పడింది, విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. కుర్రాళ్లతో ఆడి 22 మ్యాచుల్లో ఒక్కటి గెలిచారు, 8 పాయింట్లు. అప్పటి నుంచి బ్యానర్లకి పెట్టింది మొత్తం 9,350.

2024లో బీసీ జిందాల్ గ్రూప్ క్లబ్‌ని తీసుకున్నాక కాస్త ఆశ పుట్టింది. 2025 వేసవిలో వసూలైన 23,600లో ఒక్క రూపాయి కూడా ముట్టుకోలేదు.

"క్లబ్ అదే కదా, ఢిల్లీ అభిమానులకి పంపేద్దాం" అని ఒకరన్నారు. కుదరదు. ఇది గచ్చిబౌలి కోసం ఇచ్చిన డబ్బు. నిజానికి మనకీ 2019లో పుణె క్లబ్ మూతపడితేనే ఈ జట్టు వచ్చింది, అప్పుడు పుణె వాళ్ల గురించి మనలో ఒక్కరూ అడగలేదు, అది వేరే విషయం.

మీటింగ్‌లో తేల్చింది: ఆ 23,600 ఇచ్చిన వాళ్లకే వెనక్కి. మిగిలిన 25,800తో బస్తీ పిల్లలు ఆడే గ్రౌండ్‌కి బంతులు, నెట్లు కొంటాం, బిల్లులు గ్రూపులో పెడతాం. డప్పులు కూడా వాళ్లకే. అమ్ముడుపోని స్కార్ఫులు కావాల్సిన వాళ్లు ఊరికే పట్టుకెళ్లొచ్చు.

డబ్బు పంపిన ఫోన్‌పే నంబర్ మారి ఉంటే నెలాఖరులోపు ట్రెజరర్‌కి చెప్పండి. ఏ పద్దు మీద అనుమానమున్నా రసీదులు ఆయన దగ్గరే ఉన్నాయి, వచ్చి చూసుకోవచ్చు.