పాట ఒకరిది, ఫొటో ఇంకొకరిదా?

సంపాదకులు గారికి,

ఫిబ్రవరి 14న మీ అనుబంధంలో ప్రేమ పాటల పేజీ చూసి ఆ రోజే రాద్దామనుకున్నా. మనవరాలి పరీక్షలు, కరెంటు బిల్లు తప్పొచ్చిందని ఆఫీసు చుట్టూ తిరగడం, ఇలా పది రోజులు గడిచిపోయాయి, ఈలోపు మీరే సవరణ వేస్తారేమోనని రోజూ పేపరు మూలమూలా వెతికా. ఎక్కడ!

‘వెన్ ఏ మ్యాన్ లవ్స్ ఏ ఉమన్’ అనే ఇంగ్లీషు పాట పక్కన అమెరికా గాయకుడు మైఖేల్ బోల్టన్ ఫొటో, కింద 1991 అని సంవత్సరం. ఆయన పాడలేదనడం లేదు, పాడాడు, అమెరికాలో నంబర్ వన్ అయింది, గ్రామీ సంగీత అవార్డు కూడా ఇచ్చారు. కానీ అప్పటికే అది పాతికేళ్ళ పాత పాట బాబూ! 1966లో పెర్సీ స్లెడ్జ్ పాడాడు. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో ఆస్పత్రి అటెండరుగా చేసిన మనిషి, అక్కడే షెఫీల్డ్ అనే చిన్న ఊళ్ళో రికార్డు చేస్తే అట్లాంటిక్ అనే రికార్డు కంపెనీ విడుదల చేసింది, అదీ నంబర్ వన్నే. 1979లో ‘ది రోజ్’ సినిమాలో బెట్ మిడ్లర్ పాడింది. 1987లో జీన్స్ ప్యాంటు యాడ్‌లో వాడారని ఇంగ్లండ్‌లో పెర్సీ పాటే మళ్ళీ రెండో స్థానం దాకా వెళ్ళింది. ఇంత చరిత్ర ఉంటే మీకు బోల్టన్ జుట్టు ఒక్కటే కనిపించిందా?

లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో మా పక్కింటి ఆంగ్లో ఇండియన్ డ్రైవరు గారు ఆదివారం చర్చి నుంచి రాగానే ఈ రికార్డు పెట్టేవారు. మాకు ఇంగ్లీషు ముక్క అర్థమయ్యేది కాదు. ముందు ఆర్గాన్, అదీ చర్చిలో మోగినట్టే, తర్వాత ‘వెన్’ అనే ఒక్క మాట పట్టుకుని పెర్సీ లాగే లాగుడుకి మా అమ్మ బియ్యం ఏరుతూ చెయ్యి ఆపేసేది. చివర్లో బాకాలు కొంచెం శ్రుతి తప్పినట్టు వినిపిస్తాయి, మనిషి అంతలా బతిమాలుతుంటే శ్రుతి ఎవడిక్కావాలి? బోల్టన్‌ది ఇస్త్రీ చొక్కా, ఎక్కడా మడత ఉండదు.

అసలు నా కడుపుమంట ఇది. రాసినవాళ్ళుగా రికార్డు మీద పేర్లు కాల్విన్ లూయిస్, ఆండ్రూ రైట్‌లవి, పెర్సీ బ్యాండులో వాయించినవాళ్ళు. ట్యూను నాదే, వాళ్ళకిచ్చేశానని పెర్సీ తర్వాత చెప్పుకున్నాడు. అమెరికాలో మామూలు రేడియోలో పాట వేస్తే రాసినవాళ్ళకి డబ్బులొస్తాయి, పాడినవాళ్ళకి రావు. అంటే ఇన్నేళ్ళుగా అక్కడి రేడియోలో ఎన్నిసార్లు మోగినా పాడినందుకు ఆయనకి పైసా లేదు. మిగిలిందల్లా పేరు. 2015లో ఆయన పోయాడు, ఇప్పుడు మీరు ఆ పేరు కూడా పీకేశారు.

మీ ఆఫీసుకి ఫోన్ చేస్తే ఒక కుర్రాడు ‘సార్, నెట్‌లో బోల్టనే వస్తున్నాడు కదా’ అన్నాడు. ఓహో, నెట్‌లో ముందు వచ్చినవాడిదే పాటన్నమాట! ఇక్కడా అదే తీరు, పాత పాటకి నాలుగు డప్పులు తగిలించి రీమిక్స్ అని వదులుతారు, టీవీ పోటీల్లో పిల్లలు ఏ సినిమాదో చెప్తారు గానీ రాసిందెవరని యాంకరూ అడగదు, జడ్జీలూ అడగరు. పాటల సంగతి వదిలేయండి, మొన్న మా కాలనీ నీళ్ళ టైము మీ లోకల్ పేజీలో తప్పు పడితే పొద్దున్నే అయిదింటికి డ్రమ్ములేసుకుని కూర్చున్నాం, నీళ్ళు సాయంత్రం వచ్చాయి. దానికీ సవరణ లేదు. ఒకప్పుడు మీ పేపర్లో అచ్చుతప్పు పడితే మర్నాడే ‘చింతిస్తున్నాం’ అని వేసేవారు, ఇప్పుడు చింతించడానికి కూడా మనిషి లేడేమో.

ఈసారి సవరణ వేస్తే పెళ్ళి ప్రకటనల కింద అంగుళం జాగాలో వెయ్యకండి, అదే అనుబంధంలో, అంతే సైజులో, పెర్సీ స్లెడ్జ్ ఫొటోతో వెయ్యండి. ఫొటో దొరకలేదని మళ్ళీ బోల్టన్‌నే పెడితే మాత్రం ఒకటో తారీఖు నుంచి పేపరు బంద్, మా పేపరు అబ్బాయికి ఇప్పటికే చెప్పి ఉంచా.

ఇట్లు,
మీ పాత చందాదారు, సికింద్రాబాద్