రాతి మేడల మరమ్మతు: మా అంచనాల్లో, గడువుల్లో మార్పు

రక్షిత కట్టడాల జాబితాలో ఉన్న పాత రాతి మేడల పనులు మాకు అప్పగించిన వారందరికీ ఒక మాట. ఇక మీదట గోడ తెరిచి చూడకుండా పూర్తి అంచనా గానీ, ముగింపు తేదీ గానీ ఇవ్వం. మొదటి విడతలో పరిశీలన, నమూనా. రెండో విడతలో అసలు పని. ఇన్నాళ్లూ రెండూ కలిపి ఒకే లెక్క చెప్పాం. అది మా పొరపాటే.

ఈ మేడల గోడ పైకి ఒకే ముద్దలా కనిపిస్తుంది గానీ లోపల మూడు పొరలుంటాయి. బయటొక వరస, లోపలొక వరస పెద్ద రాళ్లు. నడుమ చిల్లరాళ్లు, సున్నం. రెండు వరసలనూ కలిపి పట్టుకునేవి గోడ మందం అంతా అడ్డంగా వేసిన కట్టురాళ్లు. అవి తక్కువైనా, పైనుంచి దిగిన నీటికి నడుమ సున్నం కొట్టుకుపోయినా బయటి వరస పొట్టలా ఉబ్బుతుంది. తడితే బోలుగా మోగుతుంది. అక్కడ పైపైన రాళ్ల మధ్య సందులు పూడ్చడమంటే రోగాన్ని కప్పిపెట్టడమే. పల్చటి సున్నపు ద్రావణాన్ని కింది నుంచి పైకి, కొద్దికొద్దిగా ఎక్కించాలి. తొందరపడి ఒకేసారి ఎత్తుగా నింపితే ఆ బరువుకే ఉబ్బిన వరస ఊడి వస్తుంది. గడువు పెరగడానికి పెద్ద కారణం ఇదే.

రాయి నొక్కుడును బాగా తట్టుకుంటుంది, వంపును తట్టుకోలేదు. అందుకే కిటికీలు ఇరుకుగా ఉంటాయి, ద్వారం మీది అడ్డరాయిపై చాలాచోట్ల చిన్న కమాను కనిపిస్తుంది. పై బరువును అది పక్కలకు మళ్లిస్తుంది. ఎవరైనా కిటికీ వెడల్పు చేయించి ఆ కమానును తెంపితే అడ్డరాయి నడిమికి చీలుతుంది.

గోడే ఇంటి చరిత్ర కూడా. రెండు భాగాల రాళ్లు ఒకదానిలో ఒకటి పెనవేసుకోకుండా, పైనుంచి కిందికి నిటారు సందు కనిపిస్తే ఆ రెండూ వేర్వేరు కాలాల్లో కట్టినవని అర్థం. మూసేసిన తలుపులు, ఉలి గాట్ల తీరు కూడా అలాంటి సాక్ష్యాలే. చూడటానికి అందంగా లేవని వాటిని చెరిపేయమని అడగొద్దు. పాత కట్టడాల సంరక్షణకు అంతర్జాతీయంగా రాసుకున్న 1964 నాటి వెనిస్ చార్టర్ ప్రకారం ఊహ మొదలయ్యే చోట పునరుద్ధరణ ఆగాలి. మేమూ అదే పాటిస్తాం.

ఇక సిమెంటు. పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంట్ వచ్చిందే 1824లో. అంతకు ముందు కట్టిన గోడలో సిమెంటు సందులు ఉంటే అవి తర్వాత ఎవరో పూడ్చినవే. గోడలోని తేమ మెత్తటి సున్నపు సందుల గుండా ఆరిపోవాలి. సిమెంటుతో ఆ దారి మూస్తే తేమ రాతిలోంచే బయటికి వస్తుంది. దానితో వచ్చిన లవణాలు రాతి పైపొర వెనక గడ్డకట్టి పెచ్చులూడగొడతాయి. సందు అరిగితే మళ్లీ పూడ్చుకోవచ్చు, అరిగిన రాయి తిరిగి రాదు. సిమెంటుతో త్వరగా ముగించమంటే ఆ పని మేం ఒప్పుకోం.

పాత సందును దాని వెడల్పుకు రెట్టింపు లోతు, కనీసం 25 మి.మీ. వరకు చేతి ఉలితోనే తీస్తాం. గ్రైండర్ వాడం, రాతి అంచులు కోసుకుపోతాయి. దుమ్ము దులిపి, తడిపి, నానిన సున్నం ఒక పాలు, గరుకు ఇసుక మూడు పాళ్లు కలిపి దట్టంగా కూరుతాం. ఈ పాళ్లు ఇసుకను బట్టే: లీటరు పొడి ఇసుకలో నీళ్లు పోస్తే రేణువుల మధ్య ఖాళీకి సుమారు మూడో వంతు లీటరు పడుతుంది. సున్నం ఆ ఖాళీని నింపాలి. ఎక్కువైతే ఆరేటప్పుడు కుంచించుకుని నెర్రెలిస్తుంది, తక్కువైతే రాలిపోతుంది. పూడ్చాక తడి గోనెపట్టా కప్పి ఉంచాలి. ఈ సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని నెమ్మదిగా గట్టిపడుతుంది. ఎండకు ఒక్కసారిగా ఆరితే పొడిపొడిగా మిగులుతుంది. 5 డిగ్రీల లోపు చలిలో పని మొదలే పెట్టం.

మొదట ఒక చదరపు మీటరులో నమూనా వేస్తాం. దాని రంగు తడిమీద తేల్చలేం, పూర్తిగా ఆరాకే చూపిస్తాం. అది మీకూ, అనుమతి ఇచ్చే అధికారులకూ నచ్చాకే మిగతా గోడ ముట్టుకుంటాం. అనుమతి రాతపూర్వకంగా ఉండాలి.

వంతు కోసం ఎదురుచూస్తున్నవారు ఈలోగా నాలుగు విషయాలు చూసుకోండి. పైకప్పు కాలువలూ, నీటి గొట్టాలూ శుభ్రం చేయించండి. బయట నేల లోపలి నేల కంటే ఎత్తుగా పేరుకుని ఉంటే తీయించండి, కానీ పునాది రాళ్లు కనిపించగానే ఆపి మాకు చెప్పండి. లోపలి గోడలకు ప్లాస్టిక్ పెయింట్ వేయించకండి. దూలాల కొసలు గోడలో దిగే చోట సన్నటి స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడండి. సులువుగా దిగబడితే కొస కుళ్లినట్టే. అలాంటి ఇంటిని వరస మార్చి ముందుకు తెస్తాం. ఆ దూలాల మీద ఉన్న బరువులు వెంటనే తీసేయండి.