చౌడు ఊళ్ళలో విత్తనం నానబెట్టడం నేర్పించండి

ఎడిటర్ గారికి నమస్కారమండి,

నేనుండేది మధురవాడలో, మా అమ్మానాన్నల పొలం మాత్రం భీమిలి దగ్గర, గోస్తనీ సముద్రంలో కలిసే వైపు. ఎండాకాలం వచ్చిందంటే మడి గట్ల మీద తెల్లగా పెచ్చులు కడుతుంది, వేలితో గీకి నాలిక మీద పెట్టుకుంటే ఉప్పే. వరి వెద జల్లితే ఒక పక్క పచ్చగా మొలుస్తుంది, పక్కనే చాప పరిచినంత మేర ఖాళీ. పోయినేడు నాన్న ఒక మందుల షాపుకెళ్తే చౌడుకి మందని ఓ డబ్బా అంటగట్టారు, డబ్బులు పోయాయి, ఖాళీలు అలాగే ఉన్నాయి.

అసలు సంగతేంటంటే మట్టిలో ఉప్పు ఎక్కువైతే తడి ఉన్నా గింజ ఆ నీటిని లాక్కోలేదు, పైగా సోడియం లోపలికెళ్ళి లేత మొలకని దెబ్బతీస్తుంది. అందుకే చల్లేముందు విత్తనాన్ని మంచినీళ్ళలోనో, పలచటి పొటాషియం క్లోరైడ్ నీళ్ళలోనో నానబెట్టి, మొలక బయటికి రాకముందే తీసి, మళ్ళీ మునుపటిలా పొడిగా అయ్యేదాకా నీడలో ఆరబెడతారు. లోపల పని అప్పటికే మొదలైపోతుంది కాబట్టి నేలలో పడగానే గబగబా, ఒకేసారి మొలుస్తాయి. మేం లీటరు నీటికి 10 గ్రాముల పొటాషియం క్లోరైడ్ లెక్కన కలిపి రాత్రంతా నానబెట్టి పొద్దున్నే వరండాలో గోనెపట్టా మీద పరిచాం. తర్వాత రెండు ట్రేల్లో మా పొలం మట్టే పోసి, మా బోరు నీళ్ళే పెట్టాం. నానబెట్టినవి ముందుగా, వరసగా లేచాయి, రెండో ట్రేలో నానబెట్టకుండా వేసినవి అక్కడక్కడే. రెండు ట్రేలతో అంతా తేలిపోదని నాకూ తెలుసు, కానీ అమ్మ రోజూ వాటి దగ్గర కూర్చుని మొలకలు లెక్కపెట్టేది.

దీన్ని మండె కట్టడం, అంటే నానబెట్టిన గింజల్ని మొలకొచ్చేదాకా కప్పి ఉంచడం అనుకునేవాళ్ళున్నారు, అది వేరండి. తెల్లటి మొన కనపడ్డాక ఆరబెడితే గింజ చచ్చిపోతుంది. కోడిగుడ్డు తేలే ఉప్పునీళ్ళలో వేసి తాలు గింజలు తీసేయడం కూడా వేరే పనే. అలాగే దీంతోనే చౌడు పోదు, ఉప్పు తెల్లగా పైకి తేలే పాలచౌడుకి మంచినీళ్ళు నిలగట్టి మురుగు కాలవలోకి తీసేయాలి, సోడియం ఎక్కువై నేల గట్టిపడే కారుచౌడుకి జిప్సం వేయాలి, ఎంసీఎం 100 లాంటి తట్టుకునే వరి రకాలు చూసుకోవాలి. వరి పూత టైములో కూడా ఉప్పుకి దెబ్బతింటుంది, ఈ నానబెట్టడం ముఖ్యంగా మొదట్లోనే ఆదుకుంటుంది. కానీ మా దగ్గర నష్టం మొదట్లోనే కదా.

ఇంకో ముఖ్యమైన విషయం, ఇలా నానబెట్టి ఆరబెట్టిన విత్తనం ఎక్కువకాలం నిలవుండదు. గోడౌన్లో ముందే చేసి బస్తాల్లో పంచుదామంటే కుదరదు, రైతే ఇంటి దగ్గర, చల్లే ముందు చేసుకోవాలి. కాబట్టి పంచాల్సింది ఆ పద్ధతి. రైతు సేవా కేంద్రంలో విత్తనాలిచ్చే రోజే ఒక బకెట్, ఒక పట్టా పెట్టి గంటసేపు చేసి చూపిస్తే చాలు, ఆడవాళ్ళని తప్పకుండా పిలవాలి, ఎందుకంటే మా ఇళ్ళల్లో విత్తనం చూసుకునేది వాళ్ళే. సాయిల్ హెల్త్ కార్డులో ఈసీ అని ఒక అంకె ఉంటుంది, అది ఉప్పు లెక్కని మా నాన్నకి ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు, అదీ అప్పుడే చెప్పొచ్చు. 1913 నుంచి ఉన్న అనకాపల్లి పరిశోధనా స్థానం వాళ్ళు భీమిలి నుంచి రాంబిల్లి దాకా ఉప్పు తగిలే ఊళ్ళలో వరితో పాటు చోడి (రాగి), నువ్వులకి కూడా ఎంతసేపు నానబెట్టాలో పొలాల్లోనే చేసి చూపించాలని మీ పేపర్ ద్వారా అడుగుతున్నాను. మృగశిర కార్తె లోపు జరిగితే ఈ ఖరీఫ్‌కే పనికొస్తుంది.

— ఒక రైతు కూతురు, మధురవాడ, విశాఖపట్నం