పెట్టె సర్దడానికి ముందు

పదో తరగతి పూర్తి చేసిన పిల్లల తల్లిదండ్రులకు నమస్కారం.

ఫలితాలు వచ్చినప్పటి నుంచి మీలో చాలామంది బడికి వచ్చి వెళ్తున్నారు. కొందరు టీసీ కోసం, కొందరు ఏ గ్రూపు తీసుకోవాలో అడగడానికి. ఈ వారం వచ్చినవాళ్లు మాత్రం ఇంచుమించు ఒకే ప్రశ్న వేశారు: "హాస్టల్లో చేర్చే రోజు ఏమేం తీసుకెళ్లాలి మేడమ్?" ఒక్కొక్కరికి విడిగా చెప్పేకన్నా అందరికీ రాయడం మంచిదనిపించి, ఈ నెల వార్తాలేఖను దీనికే కేటాయిస్తున్నాను.

మన కావలి ప్రాంతంలో పిల్లలు ఇల్లు విడిచేది డిగ్రీకో ఇంజినీరింగుకో కాదు, ఇంటర్మీడియట్‌కే. నూజివీడు, ఇడుపులపాయ, శ్రీకాకుళం, ఒంగోలు ట్రిపుల్ ఐటీల్లో సీటు వస్తే పదిహేనేళ్ల పిల్ల ఏకంగా ఆరేళ్ల చదువుకు ఇల్లు వదులుతుంది. గురుకుల జూనియర్ కళాశాలలకు వెళ్లేవాళ్లు, నెల్లూరు, విజయవాడ ప్రైవేటు హాస్టళ్లలో చేరేవాళ్లు మిగతావారు. నిన్నటిదాకా జడ అమ్మ వేసేది, పాఠం పుస్తకం నాన్న వెతికి ఇచ్చేవాడు. ఆ పిల్లలే జూన్‌లో రెండు వందల కిలోమీటర్ల దూరాన, పేరు కూడా తెలియని పదిమంది మధ్య నిద్ర లేస్తారు.

సామాన్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. సన్నటి పరుపు, రెండు దుప్పట్లు, దోమతెర, బకెట్, మగ్గు, స్టీలు పళ్లెం, గ్లాసు, మంచి తాళం కప్ప, దానికి రెండు తాళం చెవులు. బట్టలు ఏడెనిమిది జతలు చాలు. ప్రతి బట్ట లోపలివైపు రంగు దారంతో పేరులోని మొదటి అక్షరం కుట్టండి, ఉతికి ఆరేసినచోట కలిసిపోకుండా ఉంటాయి. కళ్లజోడు ఉన్న పిల్లలకు రెండో జోడు, ఆయాసం ఉన్నవాళ్లకు ఇన్‌హేలరు, పడని మందులు ఏవైనా ఉంటే వాటి పేర్లు రాసిన కాగితం ఇవ్వండి. ఆడపిల్లలకు ప్యాడ్లు మూడు నెలలకు సరిపడా పెట్టండి, మొదట్లో వార్డెన్‌ను అడగడానికి సిగ్గుపడతారు. ఆవకాయ, కందిపొడి మీరు ఎలాగూ పెడతారు. అవి కాస్త ఎక్కువే పెట్టండి, గదిలో అందరూ తింటారు, స్నేహాలు మొదలయ్యేది అక్కడే.

నేను అసలు చెప్పాలనుకున్నది ఈ పెట్టెలో పట్టేది కాదు. దానికోసం నా సంగతి ఒకటి చెప్పాలి.

1985లో మా నాన్న నన్ను ఇంటర్మీడియట్‌కు ఒక హాస్టల్లో చేర్చారు. ఆకుపచ్చ రంగు వేసిన రేకు పెట్టె నెత్తిన పెట్టుకుని బస్టాండు నుంచి నడిచి వచ్చారు. చేర్చి వెళ్లేముందు గేటు దగ్గర నిలబడి, నా తల నిమిరి, "రెండెకరాలు తాకట్టు పెట్టాను తల్లీ, జాగ్రత్తగా చదువుకో" అన్నారు. అందులో కోపం లేదు, బెదిరింపు లేదు. ఉన్నదంతా ప్రేమే. కానీ ఆ మాట నాలోపల బండరాయిలా కూర్చుంది. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆయన మురుకుల పొట్లంతో వచ్చి "బాగుందా అమ్మా?" అని అడిగేవారు. "బాగుంది నాన్నా" అనేదాన్ని. అక్కడ నీళ్లు బాగుండేవి కావు. నాలుగు వారాలు జ్వరం, తినింది ఇమడదు, కళ్లు పచ్చబడ్డాయి. అయినా "బాగుంది నాన్నా" అనే అన్నాను. రెండెకరాలు తాకట్టులో ఉన్నప్పుడు బాగాలేదని ఎలా చెప్పను? చివరికి కామెర్లు ముదిరి పడిపోతే, పక్క మంచం పిల్ల వాళ్ల నాన్న మా ఊరికి కబురు పంపారు. అర్ధ సంవత్సర పరీక్షలు పోయాయి. నన్ను ఇంటికి తీసుకెళ్లేటప్పుడు దారి పొడవునా నాన్న అడిగింది ఒకటే, "నాకెందుకు చెప్పలేదు?" అని. ఆ ప్రశ్నకు ఆయన బతికుండగా నేను జవాబు చెప్పలేకపోయాను.

అందుకే మీ అందరినీ చేతులు జోడించి అడుగుతున్నాను. హాస్టల్ గేటు దగ్గర అప్పు మాట ఎత్తకండి. ఎంత ఫీజు కట్టారో, ఏది కుదువపెట్టారో, రొయ్యల చెరువు మీద ఈసారి ఎంత నష్టపోయారో ఆ రోజు చెప్పకండి. ఇంటి పరిస్థితి పిల్లలకు తెలియకూడదని నేను అనను. తెలియాలి. ఇప్పుడు, ఈ సెలవుల్లో, అందరూ కలిసి అన్నం తినేటప్పుడు లెక్కతో సహా చెప్పండి, వాళ్లు అడిగే ప్రశ్నలకు జవాబివ్వండి. వీడ్కోలు చెబుతూ అన్న మాట వేరు. దాని గురించి తిరిగి మాట్లాడే అవకాశం ఉండదు, రాత్రి దుప్పటి కప్పుకున్నాక అదే చెవుల్లో వినిపిస్తుంది.

డబ్బే కాదు, మొక్కు కూడా ఇంతే. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో, రొట్టెల పండుగనాడు పిల్లల చదువు కోరుకుంటూ చదువు రొట్టె పట్టుకున్న తల్లులు మనలో చాలామంది ఉన్నారు. కోరిక తీరితే తిరిగి వెళ్లి రొట్టె ఇచ్చే ఆ ఆచారం అంటే నాకు ఎంతో గౌరవం. రెండేళ్ల కిందట మన బడి నుంచి వెళ్లిన ఒక అమ్మాయి దసరా సెలవులకు వచ్చినప్పుడు నా గదిలో కూర్చుని ఏడ్చింది. ఎంపీసీ లెక్కలు తనకు అందడం లేదని, గ్రూపు మారాలని ఉందని చెప్పింది. ఇంట్లో చెప్పావా అంటే, "అమ్మ నాకోసం రొట్టె పట్టింది మేడమ్, ఎలా చెప్పను?" అంది. ఆ తల్లిని పిలిపించాను. ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "చదువు రొట్టె పట్టాను గానీ లెక్కల రొట్టె పట్టానా పిచ్చిదానా" అని కూతుర్ని దగ్గరకు తీసుకుంది. ఆ పిల్ల ఆ తర్వాత సీఈసీకి మారింది. మూడు నెలలు లోపల దాచుకుని కుమిలిన బాధ ఒక్క మాటతో తీరిపోయింది. ఆ మాట అడగడానికి పిల్లకు ధైర్యం ఇవ్వడమే మనం చేయవలసిన సన్నాహం.

ఆ ధైర్యం ఒక్కరోజులో రాదు, మనకు మిగిలిన ఈ మూడు వారాలు దానికి వాడుకుందాం. పిల్లల బట్టలు వాళ్ల చేతే ఉతికించండి, మగపిల్లల చేత కూడా. అందరికంటే ముందు తిని కంచం కడుక్కుని వెళ్లే అలవాటు చేయండి. ఇష్టంలేని కూర ఉన్న రోజు వేరే కూర చేసి పెట్టకండి. మన మొలగొలుకుల బియ్యం అన్నం, చేపల పులుసు మెస్‌లో ఉండవు. ఒక వారానికి రెండు వందల రూపాయలిచ్చి ఖర్చు రాయమనండి, తప్పులు పట్టకండి. ఒంటరిగా కావలి వెళ్లి బ్యాంకులో డబ్బు వేసి రమ్మనండి. క్యూలో ఎవరైనా ముందుకు తోసుకొస్తే "నేను ముందున్నాను అండి" అని మర్యాదగా చెప్పడం నేర్పండి. హాస్టల్లో రోజూ అవసరమయ్యేది ఈ వాక్యమే.

ఇంకొకటి, మీ ఫోను నంబరు వాళ్లకు కంఠతా రావాలి. మొన్న మన పదో తరగతి పిల్లలు ముప్పైమందిని అడిగాను. అమ్మ నంబరు చూడకుండా చెప్పినవాళ్లు తొమ్మిది మంది. చాలా హాస్టళ్లలో ఫోను అనుమతించరు, వారానికి ఒకసారి అక్కడి ఫోను నుంచి మాట్లాడిస్తారు. అప్పుడు వెనుక పదిమంది వరుసలో నిలబడి ఉంటారు, పక్కన వార్డెన్ ఉంటారు. మనసులో మాట చెప్పడానికి అక్కడ చోటు ఉండదు. కాబట్టి మీ ఇద్దరికే తెలిసిన మాట ఒకటి అనుకోండి. ఒక తల్లి తన కొడుకుతో "గోంగూర పచ్చడి పంపమ్మా" అనే మాట ఖాయం చేసుకుంది. ఆ మాట వినగానే ఏమీ అడగకుండా మర్నాడే వెళ్లాలి. ఆమె ఒకసారి వెళ్లింది కూడా. వెళ్లి చూస్తే పైగదుల పిల్లలు కొందరు రాత్రుళ్లు వాడిని నిద్రపోనివ్వడం లేదని తెలిసింది.

కాగితాల విషయం. మార్కుల మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధ్రువీకరణ పత్రాలు, ఆధార్, పాస్‌పోర్టు ఫొటోలు మూడు సెట్లు జిరాక్సు తీసి పెట్టుకోండి. అసలు పత్రాలు ఎక్కడ ఇచ్చినా రసీదు అడగండి. పదిహేనేళ్లు నిండిన పిల్లలకు ఆధార్‌లో వేలిముద్రలు, కనుపాపలు మళ్లీ నమోదు చేయించాలి. అది చేయించక ప్రవేశాల సమయంలో, తర్వాత ప్రవేశ పరీక్షల సమయంలో ఇబ్బంది పడినవాళ్లను చూశాను. చదువుకునే పిల్లల తల్లుల ఖాతాలో ప్రభుత్వం డబ్బు వేసే తల్లికి వందనం పథకం ఇంటర్ పిల్లలకూ వర్తిస్తుంది, అందుకు తల్లి ఖాతాకు ఆధార్ అనుసంధానం అయి ఉండాలి. బ్యాంకులో ఒకసారి చూసుకోండి.

ఇక ఆ రోజు. తల్లి కూడా తప్పకుండా వెళ్లాలి. మన దగ్గర తండ్రి, మేనమామ కలిసి వెళ్లి చేర్చి రావడం అలవాటు. ఆరోజు కూలి పోతుందనీ, ఇంట్లో పాడి ఉందనీ తల్లి ఆగిపోతుంది. బిడ్డ పడుకునే మంచం, తాగే నీళ్లు చూడకపోతే ఆ తల్లికి ఏడాదంతా ఊహలే మిగులుతాయి. మంచిరోజు చూసుకోండి, కాదనను, కానీ మరీ ఆలస్యం చేయకండి. ముందు వెళ్లినవాళ్లకు కిటికీ పక్క మంచం దొరుకుతుంది.

వెళ్లగానే పెట్టె దించి తిరుగు ప్రయాణం కట్టకండి. స్నానాల గదులు చూడండి. మెస్‌లో ఆ పూట మీరూ తినండి. రాత్రి పిల్లకు కడుపునొప్పి వస్తే ఎవరు లేస్తారు, ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు, మీకు ఎన్ని గంటలకు చెబుతారు, ఇవి వార్డెన్‌ను నేరుగా అడగండి. అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం వద్దు. 2025 జులైలో సుప్రీంకోర్టు మన రాష్ట్రంలో మొదలైన ఒక కేసులోనే తీర్పు ఇస్తూ, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఒకరైనా ఉండాలి. మార్కులను బట్టి పిల్లలను బ్యాచులుగా విడదీయడం, అందరి ముందు అవమానించడం మానుకోవాలి. సహాయ కేంద్రాల నంబర్లు హాస్టళ్లలో కనబడేలా రాసి ఉంచాలి. కాబట్టి "మీ కౌన్సెలర్ ఎవరండీ, ఏ గదిలో ఉంటారు?" అని అడగడం మీ హక్కు. జవాబు తడబడితే, అది కూడా ఒక జవాబే అని గుర్తుంచుకోండి.

గదిలో మిగతా పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడి నంబర్లు మార్చుకోండి. నన్ను ఆనాడు బతికించింది పక్క మంచం పిల్ల వాళ్ల నాన్న.

వచ్చేసేటప్పుడు ఎక్కువసేపు నిలబడకండి. కళ్లలో నీళ్లు వస్తే రానివ్వండి, దాచుకోనక్కర్లేదు. "బాగా లేకపోతే బాగాలేదని చెప్పు, నేను వస్తాను" అని ఒక్కమాట చెప్పి బయలుదేరండి. పక్కింటి అబ్బాయి ర్యాంకు సంగతి ఆ రోజు అసలు వద్దు.

మొదటి మూడు నాలుగు వారాలు బెంగ ఉంటుంది. ఫోనులో ఏడుస్తారు, ఇంటికి వచ్చేస్తానంటారు. అది సహజం, వెంటనే పరుగెత్తి తీసుకొచ్చేయకండి, "వచ్చే ఆదివారం వస్తాను" అని చెప్పి మాట నిలబెట్టుకోండి. ఏడ్చే పిల్లల గురించి నాకు పెద్ద భయం లేదు. ఏడుపు మాని మాటలు తగ్గించిన పిల్లలంటే భయం. తిండి మానేసినా, నిద్ర పట్టడం లేదన్నా, ఇష్టమైన వస్తువులు పంచిపెడుతున్నా, "నావల్ల మీకు భారం" అన్నా ఆలోచించకండి. మొదటి రైలెక్కి వెళ్లండి. చదువు ఒక ఏడాది పోయినా తిరిగి వస్తుంది. మానసిక ఆరోగ్య సహాయానికి ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లల సహాయానికి 1098. ర్యాగింగ్ ఉంటే 1800-180-5522. మన రాష్ట్రంలో 1997 నుంచే ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది. ఈ మూడు నంబర్లూ పెట్టె మూత లోపల అతికించండి.

మీ సంగతి కూడా ఒకటి. నా కొడుకును పంపిన ఏడాది నెల రోజులపాటు నేను మూడు కంచాలు పెట్టి ఒకటి వెనక్కి తీసేదాన్ని. ఇంట్లో మిగిలిన చిన్నపిల్లలు, నాయనమ్మలు ఎక్కువ దిగులుపడతారు. వాళ్లనూ ఒకసారి వెంటబెట్టుకుని హాస్టలుకు తీసుకెళ్లండి.

టీసీలు వచ్చే శనివారం ఉదయం పది గంటల నుంచి ఇస్తాం. పిల్లలను కూడా తీసుకురండి. నిరుడు మన బడి నుంచి హాస్టళ్లకు వెళ్లిన ఆరుగురు పిల్లలు వచ్చి మాట్లాడతామన్నారు. లోపల వాళ్లను వాళ్లలో వాళ్లు మాట్లాడుకోనిచ్చి, మనం వరండాలో కూర్చుందాం. మజ్జిగ ఏర్పాటు చేస్తున్నాం.

మీ
ప్రధానోపాధ్యాయురాలు
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల